తెడ్లు లేని పడవ

ఆ పడవను ముందుగా చూసింది లుగాద్.

పక్షిగుడ్ల కోసం కొండ అంచున పాకుతున్న ఆ కుర్ర సన్యాసి అక్కడే ఆగిపోయాడు.

ఎద్దుతోలు పడవ. లోపల ఒక మనిషి. తెడ్లు లేవు.

ఆ ఉత్తరపు దీవిలోని సన్యాసులకు వేరే చెప్పనక్కర్లేదు. మనిషిని చంపినవాణ్ణి తెడ్లు లేకుండా సముద్రం మీదికి వదిలేస్తారు. ముంచినా తేల్చినా దేవుడిదే భారం. తేలితే, చేరిన చోటే చచ్చేదాకా ఉండాలి.

అందరూ కలిసి అతన్ని ఒడ్డుకు లాగారు. నడివయసు దాటినవాడు. పెదాలు ఉప్పుకు పగిలిపోయాయి.

"ఎవర్ని చంపావు?" అని అడిగాడు మఠం పెద్ద ఎర్నాన్.

అతను తల దించుకున్నాడు.

"ఈ శిక్ష నన్ను పూర్తి చెయ్యనివ్వండి అయ్యగారూ. ఇంకేమీ అడక్కండి."

ఎర్నాన్ అడగలేదు. నెత్తురంటిన చెయ్యి ప్రార్థన గదిలోకి రాకూడదని మాత్రం చెప్పాడు. ప్రహరీ బయట ఒక రాతి గుడిసె చూపించారు. అందరూ తినగా మిగిలిన బార్లీ గంజి గోడమీద పెట్టేవారు.

అతను ఎవరూ చెప్పకుండానే సముద్రపు నాచు బుట్టలకెత్తి, కొండమీది మడులకు ఎరువుగా మోసేవాడు. ప్రార్థన వేళకు గోడ బయటే మోకాళ్ళూని, లోపలివాళ్ళతో గొంతు కలిపేవాడు.

లుగాద్ నోరు ఊరుకునేది కాదు.

"మెల్లిగా పాడు పెద్దాయనా. చచ్చినవాడు లేచొస్తాడు," అన్నాడొకసారి.

"వస్తే బాగుండును," అన్నాడతను.

చలికాలంలో అతనికి దగ్గు పట్టుకుంది. నెత్తురు పడటం చూశాక ఎర్నాన్ మనసు ఆగలేదు. లోపలికి మోయించి, పొయ్యి పక్కన పడుకోబెట్టించాడు.

పట్టడానికి పాలు లేవు. మేకలు అప్పటికే చలికి చచ్చిపోయాయి. వైద్యం తెలిసినవాళ్ళు అవతలి దీవిలో ఉన్నారు. లుగాద్ పడవ దింపితే అల దాన్ని తిరగేసి ఒడ్డుకు విసిరింది. మళ్ళీ దింపబోతుంటే ఎర్నాన్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

చుట్టూ కూర్చుని చూడటం తప్ప వాళ్ళ చేతుల్లో ఏమీ లేకపోయింది.

గాలి తగ్గకముందే అతను పోయాడు. నియమం ప్రకారం గోడ బయటే పాతిపెట్టారు.

సముద్రం నెమ్మదించాక ఒక పడుచువాడు, వాడి తల్లి ఆ దీవికొచ్చారు. ఆడవాళ్ళు అక్కడ కాలు పెట్టకూడదన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక పెద్దాయన కోసం దీవి దీవీ వెతుకుతున్నామని పడుచువాడు చెప్పాడు. ఆనవాళ్ళు కూడా చెప్పాడు.

ఎర్నాన్ గోడ బయటి రాళ్ళకుప్ప చూపించాడు.

పడుచువాడు దాని పక్కనే కూలబడ్డాడు.

"మీ నాన్నా?" అని అడిగాడు లుగాద్.

"కాదు. తాగిన మైకంలో స్నేహితుణ్ణి పొడిచింది నేను. ఆ పడవ ఎక్కాల్సింది నేను. మా అమ్మకు నేనొక్కణ్ణే. ఒక ఇల్లు పాడైంది చాలు, రెండోది ఎందుకని, నన్ను పక్కకు నెట్టి ఈయనెక్కాడు. నా శిక్ష నాకిచ్చెయ్యమని అడగడానికొచ్చాను."

ఆయన మీకేమవుతాడని ఎర్నాన్ అడిగాడు.

తల్లి చెప్పింది.

"వీడి చేతిలో చచ్చిపోయిన పిల్లాడి తండ్రి."