హాగుడ్ చేతి గిటార్

డెల్బర్ట్ కేట్స్ దొంగతనానికి హాట్ చికెన్ కొట్టునే ఎంచుకోవడానికి కారణం ఉంది. నాష్‌విల్‌లో గిటార్ పట్టినవాడు ఎవడైనా సరే, ఆ కారం అంటిన వేళ్లతో గిటార్ ముట్టుకోడు. తినడం అవగానే అందరూ లేచి చేతులు కడుక్కోవడానికి పోతారు. ఆ రెండు నిమిషాలూ గిటార్ పెట్టెలు బల్ల కింద దిక్కూమొక్కూ లేకుండా పడి ఉంటాయి. అన్నీ నల్లవే, అన్నీ ఒకే రకం.

అతనికి కావలసింది పళ్ల డాక్టరు పెల్హామ్ పెట్టె. అందులో ఆర్లిస్ హాగుడ్ చేత్తో చేసిన ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. ఖరీదు పన్నెండు వేల డాలర్లు. డబ్బుంటే చాలదు, ఆరేళ్లు వరసలో ఉండాలి.

డెల్బర్ట్ కూడా చేత్తో గిటార్లు చేసేవాడే. ముప్ఫై ఏళ్లుగా ఇంటి వెనక షెడ్డులో అదే పని. కలప అదే, కొలతలు అవే, ఆకారమూ అదే. ధర ఎనిమిది వందలే అయినా ఊళ్లో ఒక్కడూ కన్నెత్తి చూడడు. పక్క రాష్ట్రం కెంటకీ నుంచి ఎవరో కొట్టువాడు, పైన పేరూ రంగూ వేయొద్దంటూ ఫోను మీద కొనుక్కునే వాటితోనే ఇల్లు గడుస్తోంది.

అల్మారాలు చేసే కంపెనీవాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. ఔనో కాదో సోమవారంలోగా చెప్పాలి. ఔనంటే షెడ్డుకి తాళం పడుతుంది. అందుకే తేల్చేసుకుందామనుకున్నాడు. హాగుడ్ గిటార్‌ని ఒక్క పూట ఇంటికి పట్టుకుపోయి వాయిస్తాడు, విప్పి చూస్తాడు. గొప్పేమీ లేకపోతే షెడ్డు ఉంటుంది. నిజంగానే ఏదైనా ఉంటే అల్మారాలే గతి.

"తెర వెనక వాయిస్తే హాగుడ్‌దేదో, ఫ్యాక్టరీదేదో మీలో ఒక్కడు కూడా చెప్పలేడు," అన్నాడు డెల్బర్ట్ శనివారం మధ్యాహ్నం గిటార్ మిత్రులందరి మధ్య కూర్చుని, కోడి తొడని ఫోర్కుతో పొడుస్తూ.

డాక్టరు జాలిగా చూశాడు. "నాయనా, హాగుడ్ ప్రతి చెక్కనీ గోటితో కొట్టి వింటాడు. పలుకు నచ్చకపోతే పొయ్యిలో పెట్టేస్తాడు. ఏడాదికి తొమ్మిదే చేస్తాడు. పని చేస్తున్నప్పుడు పెళ్లాన్ని కూడా లోపలికి రానివ్వడు."

"అంటే, ఆయన పని చేస్తుండగా ఎవరూ చూడలేదన్నమాట!"

"లోకాన్ని సృష్టిస్తుండగా దేవుణ్ని నువ్వు చూశావా? ఆదివారం చర్చికి పోవడం లేదూ?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. డెల్బర్ట్ మొహం కోడికన్నా ఎర్రబడింది.

"ఇంతకీ చికెన్‌ని ఫోర్కుతో తినడమేంటోయ్, పెద్దమనిషిలాగా?" అన్నాడు డాక్టరు.

"వేలు తెగింది లెండి."

తిని అందరూ లేచారు. డెల్బర్ట్ తన పెట్టెని డాక్టరు కుర్చీ కిందకి తోసి, డాక్టరు పెట్టెతో బయటపడ్డాడు. ఎవరైనా పట్టుకుంటే పెట్టెలు మారిపోయాయి అంటాడు. అది దొంగతనం అని అతను తనతో తాను కూడా అనుకోలేదు.

షెడ్డులో పెట్టె తెరిచి, తల మీద హాగుడ్ ముద్ర ఉన్న గిటార్‌కి యాంప్లిఫయరు తీగ తగిలించి ఒక్కసారి మీటాడు. ఆ స్వరం గదంతా నిండి, ఎంతసేపటికీ తగ్గలేదు. గంటసేపు వాయించాడు. కళ్లజోడు మసకబారింది.

భార్య వెర్నా చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఏమయ్యా, ఏడుస్తున్నావా?"

"ముప్ఫై ఏళ్లు బూడిదలో పోశానే వెర్నా! ఈ మెడ చూడు, ఎన్నాళ్లుగానో ఎరిగినట్టు చేతిలో ఒదిగిపోతోంది. ఇక్కడ అంచు కొంచెం పల్చబడింది. అదే నేను చేస్తే తప్పు. ఆయన చేస్తే ఎంత అందమో!"

"నాకైతే నీ వాటిలాగే వినిపిస్తోంది."

"నీ చెవులకేం తెలుసు!"

ఇంతలో ఫోను మోగింది. పెల్హామ్.

"ఏమోయ్, పెట్టెలు మారిపోయాయి. సాయంత్రం వచ్చి నాది తీసుకెళ్తాను. నీదాన్ని కాస్త వాయించి చూశాలే. ఏమనుకోకు, రేకు డబ్బాలా ఉంది. నాదాన్ని మాత్రం ముట్టుకోకు, చెయ్యి మారితే పాడైపోతుంది."

"మీరన్నదే నిజం డాక్టరుగారూ," అన్నాడు డెల్బర్ట్.

ఫోను పెట్టీ పెట్టకముందే అల్మారాల కంపెనీ మేనేజరు నంబరు కొట్టాడు. "సోమవారం నుంచి వస్తానండీ. ఔను, బాగా ఆలోచించుకునే చెబుతున్నాను. పనిముట్లు అమ్మేస్తాను." వెర్నా చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టేసింది.

డాక్టరు వచ్చేలోగా ఇంకో గంట ఉంది. గిటార్ చేయిదాటి పోయేముందు, ఆ మహానుభావుడు మెడని ఒంటికి ఎలా అతికాడో కళ్లారా చూసుకుందామని డెల్బర్ట్ నాలుగు మరలూ విప్పాడు. మెడ ఊడి వచ్చింది. దాని కింది గుంటలో పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. ఎవరు చేసినా మెడ బిగించేముందు అక్కడ పేరు రాసుకోవడం ఈ పనిలో ఉన్న ఆచారం. పైకి రంగులు ఎన్నిసార్లు మార్చినా అక్కడిదాకా చూసేవాళ్లుండరు.

"హాగుడ్ సంతకం!" డెల్బర్ట్ భక్తిగా టోపీ తీశాడు. కన్నీళ్లకి అక్షరాలు ఆనలేదు. "ఏం రాశాడో చదివి పెట్టవే."

వెర్నా గిటార్‌ని కిటికీ వెలుగులోకి వంచింది. ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. తర్వాత మొగుడి మొహంకేసి చూసింది.

"'డెల్బర్ట్ కేట్స్, నిరుడు మార్చి పద్నాలుగు' అని ఉందయ్యా, అక్షరాలు కూడా నీ కోడిగీతలే."