ఆసుపత్రి కోరిన దెయ్యం

మునిలక్ష్మికి పిచ్చి పట్టిందని సదుం దగ్గరి ఆ పల్లెలో అందరికంటే ముందు కనిపెట్టింది ఆమె బావ మారప్ప. ఎవరికి ఏ జబ్బు చేసినా ఊళ్లో ముందుగా కనిపెట్టేది ఆయనే. అందుకు రోగిని చూడాల్సిన అవసరం కూడా ఆయనకు ఉండేది కాదు.

"బిడ్డ పొయ్యిన దిగులు తలకెక్కిందప్పా," అని చావిడి అరుగు మీద తేల్చేశాడు.

అలాగే అనిపించింది అందరికీ. ఆ ఎండాకాలంలోనే చలిజ్వరం వచ్చి మునిలక్ష్మి కూతురు పోయింది. ఒక్కతే కూతురు. తల్లి నేల మీద పడి పొర్లి పొర్లి ఏడ్చింది. తండ్రి గంగాధరం ఒక్క బొట్టు కన్నీరు పెట్టలేదు. మట్టి వేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, మర్నాడే ఎద్దులకు మడక కట్టి దున్నబోయాడు.

"మొగోడంటే మా తమ్ముడు! రాయి సూడండి, రాయి!" అని మారప్ప తన మీసం దువ్వుకున్నాడు.

తొలకరి నాటికి మునిలక్ష్మి వింతలు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న మోకులు, పలుపులు, పగ్గాలు అన్నీ పోగేసి సంగటి కుండ కింద తగలబెట్టింది. కట్టు లేని ఎద్దులు పోయి మారప్ప వేరుశనగ చేను మేశాయి. దాంతో పిచ్చి ఖాయమైపోయింది. తర్వాత మోటబావి చుట్టూ తుమ్మకంప కొట్టి పరిచింది. పెరట్లో విరగబూసిన గన్నేరును వేళ్లతో సహా పెకలించి పారేసింది. మొగుణ్ణి వదిలి క్షణం ఉండదు. చేనికి పోతే వెంట. చెంబు పట్టుకుని గుట్ట వైపు పోయినా వెంటే. ఊళ్లో నవ్వని వాళ్లు లేరు.

గంగాధరం ఆమెను పల్లెత్తు మాట అనేవాడు కాదు. తిండి తగ్గింది. మాట తగ్గింది. గడ్డం పెరిగింది. మనిషి చిక్కి సగమయ్యాడు.

"పాపం, పిచ్చి పెండ్లాం వాణ్ణి పీల్చి పిప్పి జేస్తాండాది," అన్నారు ఊళ్లోవాళ్లు.

కుప్పం నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు. బావికి కంప వేసిందని వినగానే, "ఇది నీళ్లకు జడిసే దెయ్యం," అని చెప్పేశాడు. నల్లకోడిని తెప్పించాడు. వేపమండలతో ఆమెను కొట్టాడు. వీపున వాతలు తేలుతున్నా ఆమె కళ్లు మొగుడు కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. అంతలో గంగాధరం లేచి బయటికి నడవబోయాడు.

"ఆయప్పను పోనీయద్దండి! పట్టుకోండి!" అని కేక పెట్టింది మునిలక్ష్మి.

"పలికింది! దెయ్యం పలికింది!" అంటూ వైద్యుడు ఇంకోటి తగిలించాడు. "ఏం గావాల నీకు? కోడా? సారాయా? కొత్త కోకా?"

మునిలక్ష్మి రొప్పుతూ కాసేపు ఆలోచించింది.

"మదనపల్లె మిషను ఆసుపత్రికి పోవాల," అంది దెయ్యం. "ఈ మొగుడు నా పక్కనే కూసోని రావాల. ఆడికి పొయ్యినాక ఇడిసిపెడతా."

భూతవైద్యుడు నోరు తెరిచాడు. ఆయన వదిలించిన దెయ్యాల్లో ఇంగ్లీషు మందు అడిగింది ఇంతవరకూ లేదు. "ఇది సదువుకున్న దెయ్యం. మనకు లొంగదు," అని, కోడిని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

పుంగనూరు దాకా ఎద్దుల బండి. అక్కణ్ణుంచి బస్సు. యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపేవాళ్లు. మిట్ట దగ్గర బస్సు దగ్గి ఆగిపోయింది. అందరూ దిగారు. గంగాధరం కూడా లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. అతని పైపంచెకు మునిలక్ష్మి కొంగు ముడేసి ఉంది.

"మల్లా పెండ్లి జేసుకుంటాండారా?" అని ఒకాయన అడిగితే అందరూ నవ్వారు. సిగ్గుతో చచ్చినంత పనైంది తోడు వచ్చిన మారప్పకు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దెబోరా ముందు మారప్పే అంతా చెప్పాడు. ఎద్దులు తన చేను మేసిన సంగతి రెండుసార్లు చెప్పాడు.

"ఆమెకు గొలుసులేసి పెట్టుకోండమ్మా. మా తమ్మునికి వేరే సంబంధం సూస్తాండాం. వాడు బంగారం. బిడ్డ పోతే కంట తడి పెట్టలేదు!"

డాక్టరమ్మ గంగాధరం వైపు తిరిగింది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా అప్పా?"

"యాడ పడతాదమ్మా, ఈ పిచ్చిదానితో!" అన్నాడు మారప్ప.

డాక్టరమ్మ అన్నదమ్ములిద్దర్నీ వరండాలో కూర్చోమంది. మునిలక్ష్మి కొంగు ముడి విప్పలేదు. ఒక నర్సమ్మ వచ్చి గంగాధరం పక్కన కూర్చున్నాకే విప్పి లోపలికి వచ్చింది.

"పాప గుర్తొస్తుంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"రాకుండా యాడికి పోతాదమ్మా? వచ్చినప్పుడల్లా ఏడుస్తా. ఏడిస్తే రవ్వంత నెమ్మదిస్తాది."

మాట తడబడలేదు. చూపు చెదరలేదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నువ్వు బాగానే ఉన్నావు కదమ్మా! మరి ఇవన్నీ ఎందుకు చేశావు?"

మునిలక్ష్మి కిటికీలోంచి వరండా వైపు చూసింది. గొంతు తగ్గించి అంది:

"పిచ్చి నాకేనని బయట సెప్పు తల్లీ, మందు మాత్రం ఆయప్పకియ్యి, నేను రెప్పేస్తే సాలు, పాణం తీసుకునేదానికి కాసుకోనుండాడు."