గాలి మళ్లిన పూట

తాండూరు మార్కెట్ యార్డులో కందులు కుప్ప పోసుకొని గౌరమ్మ పొద్దున్నుంచి వేలం కోసం కాచుకొని ఉంది.

తెచ్చిన ఒక్క టార్పాలిన్ కుప్ప కింద పరిచింది. పైన ఏమీ లేదు.

పక్క కుప్పను మాత్రం ఎవరో టార్పాలిన్‌తో కప్పి, అంచుల మీద నాపరాళ్లు పెట్టారు. ఎవరో గానీ మహా భయస్తుడని నవ్వుకుంది.

అంతలో ముక్కూమొహం తెలియని మనిషొకడు వచ్చి ఆమె కుప్ప చుట్టూ తిరిగాడు. చలి తగ్గిందనీ, గాలి మళ్లి తూర్పు నుంచి వీస్తోందనీ, అల్పపీడనం పట్టిందనీ అన్నాడు.

"గది సముద్రం కాడ గదా. మనకేంది?"

అల్పపీడనం సముద్రం ఒడ్డువాళ్ల బాధ అని ఆమె ఊరందరి నమ్మకం.

"పొయ్యి మండితే తలుపు సందులకెల్లి గాలి లోపలికొస్తది సూడు, గట్లనే అక్కా. సముద్రం మీద గాలి పైకి లేస్తే ఆడ ఒత్తిడి తగ్గుతది. సుట్టు గాలంత ఆడికి ఉరుకుతది. తడి మోసుకొని సుడి తిరుగుకుంట మన దాక వస్తది. జర ఏమన్న కప్పు."

గౌరమ్మకు భయమేసింది. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. వాన బూచి చూపించి, వేలానికి ముందే అడ్డికి పావుశేరు కొట్టేసే దళారుల మనుషులు యార్డులో తిరుగుతుంటారు.

"మా ఇంటాయన మంచాన వడ్డడు. ఏడాదికి నాకు గీ కుప్పొక్కటే. దీని మీద కన్నెయ్యకు, పో."

అతను వెళ్లిపోయాడు.

భయం మాత్రం పోలేదు. వేలం ఎప్పుడో కనుక్కుందామని, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణానికి వెళ్లింది. అక్కడుండగానే గాలి విసిరికొట్టింది. రేకుల మీద వాన దబదబా పడింది. గుమ్మంలో జనం కిక్కిరిసి ఆమెను కదలనివ్వలేదు.

తడిస్తే కందులు ఉబ్బుతాయి. రంగు పోతుంది. ఎవరూ ముట్టరు. గౌరమ్మ అక్కడే ఏడ్చేసింది.

వాన తగ్గగానే పరుగెత్తింది.

కుప్ప మీద టార్పాలిన్ కప్పి ఉంది. అంచుల మీద రాళ్లున్నాయి. చెయ్యి లోపలికి పెట్టింది. కందులు గలగలమన్నాయి.

ఎదురొచ్చిన హమాలీ బీరయ్యకు దండం పెట్టింది.

"నేను గాదక్కా. ఇందాక నీతోని మాట్లాడె సూడు, దౌల్తాబాద్ జంగప్ప, ఆయన కప్పిండు. ఆమెకు గీ కుప్పొక్కటే అనుకుంట ఉరికిండు."

"యాడున్నడు? ఆయన్ను ఎన్నెన్ని మాటలంటి నేను."

"వానలనే సరుకు ట్రాలీకెత్తుకొని పోయిండు. తడిసింది ఎవలు కొంటరు?"

"ఆయన సరుకు యాడ పోసిండె?"

బీరయ్య పక్కకు చూపించాడు. మహా భయస్తుడని ఆమె నవ్వుకున్న మనిషి కుప్ప ఉన్నచోట, ఉబ్బిన కందులు నాలుగు నేలకు అంటుకొని ఉన్నాయి.