గీతకి ఇవతల

పెద్దాయన మైకు పట్టుకుని చాలాసేపయింది. వదిలే సూచనలు లేవు.

పేట ఆఫీసు మేడమీద హాలు కిక్కిరిసి ఉంది. ఈ పేటకీ పక్క పేటకీ మధ్య హద్దు మళ్ళీ గీస్తున్నారు. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమన్నారు.

"ఈ పేట ఒకప్పుడు వేరే ఊరండీ," అంటున్నాడు పెద్దాయన, చంకలో గొడుగుతో. "నగరం మనల్ని మింగింది గానీ అరిగించుకోలేకపోయింది. అందుకే మన ఆఫీసు మనకే ఉంది. మా తాత ఇక్కడ వీధి దీపాలు వెలిగించాడు. మా నాన్న ఈ ఆఫీసు తలుపుకి మొదటిరోజు తాళం తీశాడు..."

"ఇంకా నాన్న దగ్గరే ఉన్నాం," అని గొణిగాడు వెనక వరసలో లాండ్రీ ఆయన. "ఈయన పుట్టేసరికి భోజనాల వేళవుతుంది."

చుట్టూ నవ్వులు.

"మీ ఇల్లు గీతకి ఇవతలే ఉంది కదండీ," అన్నాడు ఆఫీసరు ఓపిగ్గా. "మీకేమిటి ఇబ్బంది?"

"రాకుండా ముందే చెబుతున్నా. ఈ పేటలో పుట్టాను, ఈ పేటవాడిగానే పోతాను. నా గుమ్మం మీద ఇంకో పేట పేరు రాయనివ్వను."

ముందు వరసలో కూర్చున్న ఆమె ఇక ఊరుకోలేకపోయింది. ఇంట్లో మంచాన ఉన్న అత్తగారిని ఒక్కదాన్నే వదిలి వచ్చింది.

"మీరు పోయే సంగతి తర్వాత చూద్దాం తాతగారూ. ముందు ఆ మైకిలా ఇవ్వండి."

హాలంతా గొల్లుమంది.

పెద్దాయన మైకు ఇచ్చి పక్కకి జరిగాడు.

ఆమె గబగబా చెప్పుకుపోయింది. అత్తగారి కాలికి మానని పుండు. పేట ఆఫీసు నర్సు ఇంటికొచ్చి కట్టు మారుస్తోంది. కొత్త గీత సరిగ్గా తమ వాకిట్లోంచి పోయి ఇంటిని అవతలికి నెట్టేసింది. పక్క పేటవాళ్ళు నర్సుని ఇళ్ళకి పంపరు. మెట్లు దిగి ఆస్పత్రికి వెళ్ళే శక్తి ముసలావిడకి లేదు, మోసుకెళ్ళే మగమనిషి ఇంట్లో లేడు. పుండు ముదిరితే కాలు తీసెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు.

"అర్థమైందమ్మా," అన్నాడు ఆఫీసరు. "కానీ ఒక్క ఇంటి కోసం గీతని వంచమంటే... చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో ఆమెకి తెలియనిది కాదు. కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది.

వెనకాలే గొడుగు టకటక వినిపించింది.

"అమ్మాయ్, నర్సు రాకపోతే ఆ కట్టేదో నువ్వు కట్టలేవా?"

"ఒకసారి కట్టాను. పుండుకి అంటుకుపోయి తోలుతో సహా ఊడొచ్చింది. ఇంకేమన్నా అడగాలా?"

"ఏ కాలు?"

"కుడికాలు. అది కూడా మైకులో చెబుతారా?"

"లేదులే."

ఆయన వెనక్కి తిరిగి, మళ్ళీ మెట్లెక్కాడు.

ఈయనకి మైకు పిచ్చి ఈ జన్మకి వదలదు అనుకుంది ఆమె.

ఇంటికెళ్ళగానే అత్తగారు మంచంలోంచే అడిగింది.

"ఏమన్నారే?"

"చూద్దామన్నారు."

"నా కాలు చూపించకపోయావా? ఒకసారి చూస్తే మళ్ళీ చూద్దామనరు."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

కొత్త హద్దు అమల్లోకి వచ్చే ముందు నర్సు ఆఖరిసారి వచ్చింది. కట్టు ఎలా కట్టాలో చూపించి, "ఏదీ, ఇప్పుడు మీరు కట్టండి," అంది.

కోడలు కట్టు చేతిలోకి తీసుకుంది. అత్తగారు పళ్ళు బిగించి గోడవైపు తిరిగింది.

అప్పుడే ఫోను మోగింది. పేట ఆఫీసు నుంచి.

విని, ఫోను పెట్టేసి, ఆమె గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

"ఎవరు పోయారే?" అంది అత్తగారు భయంగా.

"ఎవరూ పోలేదు అత్తయ్యా. గీత జరిపారట. మనం ఎక్కడికీ పోవట్లేదు."

నర్సు ఆమె చేతిలోని కట్టు లాక్కుని తనే చుట్టడం మొదలుపెట్టింది. "ఇంకా కూర్చుంటారేం? వెళ్ళి టీ పెట్టండి."

"నాక్కూడా. కాస్త చక్కెర వేసి," అంది అత్తగారు.

"చక్కెర లేకుండా," అన్నారు నర్సూ కోడలూ ఒక్కసారే.

ఆ మధ్యాహ్నం కోడలు చాలా రోజులకి కంటినిండా నిద్రపోయింది. లేచాక అత్తగారి దుప్పట్లన్నీ మూటకట్టి లాండ్రీకి బయలుదేరింది. ఒళ్ళు దూదిపింజలా తేలిగ్గా ఉంది.

వీధి మలుపులో పెద్దాయన ఇల్లు. గుమ్మం ముందు స్టూలెక్కి, పెయింటరు పేట పేరు మీద తెల్లరంగు వేస్తున్నాడు.

"అదేమిటి, ఈ ఇల్లు ఇవతలే కదా?"

"మొన్నటిదాకానమ్మా. ఇప్పుడు అవతల."

"పెద్దాయన ఊరుకున్నారా?"

"పాత పేరు గీకెయ్యకు, మీద రంగు వెయ్యి చాలన్నాడు. ఇది చూళ్ళేనని గొడుగేసుకుని ఎటో వెళ్ళాడు."

"మరి ఎందుకు మార్చారు?"

పెయింటరు కుంచె డబ్బాలో ముంచి, అంచుకి రాసి, తీరిగ్గా చెప్పాడు.

"రెండు వైపులా ఇళ్ళ లెక్క సరిపోవాలటమ్మా, ఒకటి లోపలికొస్తే ఒకటి బయటికి పోవాలి. ఎవరో పెద్దావిడ కుడికాలికి కట్టు ఆగిపోకూడదని, ఈయనే ఆఫీసు మెట్లెక్కి తన ఇంటిని అవతలికి వేసెయ్యమన్నాడట."