మూడో చరణంలో తప్పు

మా హోంవర్కులు చూడటం అయ్యాక నాన్న ఫ్లూటు తీసేవాడు. ఎప్పుడూ ఒకటే పాట, దాని మూడో చరణంలో రోజూ ఒకేచోట తప్పేవాడు. ఎవరడిగినా పాడని అమ్మ, పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి, "అలా కాదండీ" అంటూ పాడి చూపించేది. ఈలోగా పాలు పొంగేవి. "నీకసలు వంటింటి మీద ధ్యాస ఉండదే" అని నాన్న దెప్పేవాడు.

ఆయన పోయిన నెలకి, ఆయనతో ఆదివారాలు తబలా వాయించే టైలర్ మామయ్య వచ్చాడు. మాటల్లో అమ్మ ఆ తప్పు సంగతి ఎత్తింది.

"నా దగ్గర బావ ఎప్పుడూ తప్పలేదు చెల్లెమ్మా. 'ఇంట్లో సరిగ్గా వాయిస్తే మీ చెల్లెలు పాడదయ్యా' అనేవాడు."

అమ్మ వంటింటి వైపు చూసింది.

"అయితే ఇన్నేళ్లూ పాలు పొంగించింది ఆయన, మాట పడింది నేను."