పద్దెనిమిది గ్రాములు

"ఇది కంటి ఆసుపత్రా, కూరగాయల కొట్టా మాస్టారూ?"

గ్యాసు కంపెనీ ఏజెంటుకు ఒళ్ళు మండిపోతోంది. తెచ్చింది చూస్తే చిన్న సిలిండరు. సీలు పదిలంగా ఉంది, కాగితాలు సవ్యంగా ఉన్నాయి. అయినా ఆపరేషన్ థియేటర్ పక్కనున్న ఆ గదిలో, పచ్చగౌను తొడుక్కున్న స్టోర్‌కీపర్ దాన్ని కాటా మీద పెట్టి కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా తూచనిదే ఏదీ లోపలికి పంపరు కాబట్టి ఆయనకు కాటా మాస్టారని పేరు.

"అంకె నువ్వే చదువు. నేను చదివితే నమ్మవు," అన్నారు మాస్టారు.

"నాలుగొందల ముప్పై."

"ఉండాల్సింది నాలుగొందల పన్నెండు. పద్దెనిమిది గ్రాములు ఎక్కువ."

"బాగుంది! తక్కువ తూగితే గొడవపడేవాళ్ళని చూశాను గానీ, ఎక్కువ తూగినా ఏడుపేనా?"

"కంటి లోపల ఊడిన పొరని అతికించడానికి ఎక్కించేది గాలి కలిపిన గ్యాసు. అసలు గ్యాసు గాలికి అయిదింతల బరువు. ఇంత తూగిందంటే గాలి కలపలేదన్నమాట. అది కంట్లో ఉబ్బి నరాన్ని నలిపేస్తుంది. పొర అతుక్కోవడం దేవుడెరుగు, చూపే పోతుంది."

"కలిపిందేనని లేబుల్ మీద ఉందిగా!"

"కంట్లోకి ఎక్కించేది లేబుల్‌ని కాదు."

సిస్టర్ తల లోపలికి పెట్టింది. "డాక్టరుగారు అడుగుతున్నారు మాస్టారూ. ఈ ఒక్కరోజైనా వదిలెయ్యకూడదూ?"

"సరైనది వచ్చేదాకా ఆగమను."

ఏజెంటు ఇక ఆగలేకపోయాడు. "బయట బెంచీ మీద ఒకావిడ కళ్ళజోడు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పేషెంటు భార్యట. ఆయన కంటికి నల్లతెర అడ్డం వస్తోందట. ఈ పూట ఆపరేషన్ కాకపోతే ఆ చూపు మళ్ళీ రాదన్నారట. 'ఆయన కాస్త కుదురుగా పడుకుంటే అదే పదివేలు' అని ఒకటే గొణుగుతున్నారు. ఆవిడ మొహం చూసైనా జాలి కలగదా మీకు?"

"ఆవిడకి నేను చెప్పుకుంటాలే."

"ఆ కన్ను పోతే ఎవరిది బాధ్యత?"

"నాదే."

మొండిఘటం! ఏజెంటు గొంతు తగ్గించి, "పోనీ టీ తాగి మాట్లాడుకుందాం రండి," అన్నాడు.

"నేనిప్పుడు తాగకూడదు."

"సరే అయితే, మా మేనేజరు చేతే చెప్పిస్తాను," అని ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. మేనేజరు మొదట పకపకా నవ్వాడు. ఉండమని వెళ్ళి, తిరిగి వచ్చేసరికి ఆ నవ్వు లేదు.

"కొంప మునిగింది! పొద్దున ట్రేలు తారుమారయ్యాయి. గాలి కలపనివాటికి ఈ లేబుళ్ళు అంటించేశారు. నలభై సిలిండర్లు బయటికి వెళ్ళిపోయాయి. ఆ ఒక్కటీ వాడనివ్వకు, మిగతావాళ్ళకి నేను ఫోన్లు చేస్తాను!"

ఏజెంటు మొహంలో నెత్తురు చుక్క లేదు. వ్యాన్ దగ్గరికి పరుగెత్తి, పాత బ్యాచిలో మిగిలిన సిలిండరు పట్టుకొచ్చాడు. కాటా మీద పెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు.

"నాలుగొందల పన్నెండు! అచ్చంగా పన్నెండు మాస్టారూ!"

అంతలో ఫోన్ మోగింది. మేనేజరు అరుపు గదంతా వినిపించింది. "ముప్పై తొమ్మిదీ దొరికాయి! ఒక్కదానికీ సీలు తియ్యలేదు!"

సిస్టర్ చప్పట్లు కొట్టింది. ఏజెంటు మాస్టారి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వుతున్నాడు.

"నలభై కళ్ళు కాపాడారు! కూరగాయల కొట్టన్న ఈ నోటిని ఏం చేసినా పాపం లేదు. రేపటినుంచి మా వ్యాన్‌లోనూ ఒక కాటా ఉంటుంది, చూడండి!"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "అంతకంటే ఏం కావాలయ్యా!" అన్నారు.

సిస్టర్ సిలిండరు అందుకుంది. "పదండి, డాక్టరుగారు పేషెంటుని రమ్మంటున్నారు."

"పాపం, నావల్ల ఇంతసేపు కాచుకున్నాడు ఆ మహానుభావుడు," అన్నాడు ఏజెంటు. "ఏమీ అనుకోవద్దన్నానని చెప్పండి మాస్టారూ."

"ఏమీ అనుకోడులే," అంటూ మాస్టారు తడిమి కాటా స్విచ్చి కట్టేసి, సిస్టర్ వెనకే థియేటర్‌లోకి నడిచారు. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

మాస్టారు ఆపరేషన్ బల్ల ఎక్కి పడుకున్నారు.