ఐసాయన ఇంటికి గాలి

ఐసాయన ఒక్క తన్ను తన్నాడు. మూడు వారాలు కూర్చుని ఇంజనీరమ్మ అట్టముక్కలతో చేసిన ఇంటి నమూనా ఎగిరి గోడకు కొట్టుకుంది. పైకప్పు ఒకచోట, వసారా ఒకచోట పడ్డాయి.

"ఇల్లు గీయమంటే జల్లెడ తెచ్చావేంటి? ఎటు చూసినా కన్నాలే!"

ఇంజనీరమ్మ వంగి ముక్కలు ఏరుకుంది. పక్కనున్న మేస్త్రీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఐసాయనకు రెండు ఐసు ఫ్యాక్టరీలున్నాయి. చల్లదనం కావాలంటే బిగించి మూసెయ్యాలి, అంతే. ఆయనకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. ఉంటున్న ఇంట్లోనూ తలుపులకు రబ్బరు పట్టీలు, కిటికీలకు రెండేసి అద్దాలు, గదికో ఏసీ. కొత్త ఇల్లూ అలాగే కావాలట. ఏడాదిలో ఎనిమిది నెలలు ఉక్కపోసే ఊళ్ళో!

ఆ పాత ఇంటికి మొదటిసారి వెళ్ళిన రోజే ఇంజనీరమ్మ ఒకటి గమనించింది. ఐసాయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. మొగుడి చెయ్యి అందనంత దూరంలో నిలబడి, గ్లాసును బల్లమీద ముందుకు జరిపింది. ఆవిడ చెవి వెనక నుంచి మెడ దాకా నల్లగా కమిలి ఉంది.

"మెట్ల మీద జారాను," అంది, ఎవరూ అడక్కముందే.

ఐసాయన ఫోనులో ఎవరినో తిడుతూ కూర్చుంటే, కొలతలు తీసుకోవాలని చెప్పి ఇంజనీరమ్మ మేస్త్రీని పడగ్గదిలోకి పంపి తలుపు వేసింది. "లోపల గొంతు చించుకుని అరువు మేస్త్రీ" అని ముందే చెప్పింది. బయట తలుపుకు చెవి ఆనించి నిలబడింది. లోపలి నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

కాసేపటికి మేస్త్రీ చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. "అంత అరిచాను కదమ్మా, వినపడలేదా?"

"వినపడదు మేస్త్రీ. అలాంటి గదుల్లోంచి వినపడదు."

ఆ జల్లెడ ఆ తర్వాతే గీసింది.

"నీ ఇల్లయినా ఇలాగే కట్టుకుంటావా?" గర్జించాడు ఐసాయన.

"మా ఇంట్లో నా మాట సాగలేదండీ. మీరైనా వినండి." ముక్కలన్నీ బల్లమీద పెట్టింది. "పందెం. మీ పడగ్గదిలో కరెంటు ఆపి ఒక్క గంట కూర్చోండి. కూర్చోగలిగితే మీరన్నట్టే కడతాను."

"ఐసులో పుట్టి పెరిగినవాణ్ణి! నాకు చెమట పోస్తుందా?"

పోసింది. మేస్త్రీ మెయిన్ ఆపిన పావుగంటకే తలుపు తన్నుకుని బయటపడ్డాడు మహానుభావుడు, తడిసిన కోడిలా. ఆ ఉక్రోషంలో చేతికందిన గ్లాసు విసిరాడు. అది మేస్త్రీకి తగిలి నుదురు చిట్లింది. తర్వాత ఐదు కుట్లు పడ్డాయి.

"ఈ దుర్మార్గుడికి ఇల్లు కట్టాలా అమ్మా?" అన్నాడు మేస్త్రీ, గుడ్డతో నెత్తురు అద్దుకుంటూ.

"కట్టాలి మేస్త్రీ. నువ్వు లేకపోతే నావల్ల కాదు."

కట్టారు. పడమటి ఎండకు మందపు గోడ. వీధి వైపు గాలి దూరే కన్నాల జాలీ ఇటుకలు. ప్రతి తలుపు నెత్తినా మూయడానికి వీల్లేని వెంటిలేటరు. గాలి వీధిలోంచి వచ్చి, పడగ్గదిలో తిరిగి, మళ్ళీ వీధిలోకే పోయేది. గచ్చు మీద పడుకుంటే హాయిగా నిద్ర పట్టేసేది. గేటు మాత్రం ఇంకా రాలేదని ఇంజనీరమ్మ రోజూ వాయిదా వేస్తూ వచ్చింది.

"ఊరందరికీ గాలి, గాలి అంటారు. మీరేమో మండుటెండలో మణికట్టు దాకా చొక్కా!" అని మేస్త్రీ ఆటపట్టించాడు.

"ఎండకే మేస్త్రీ," అంది నవ్వి.

ఐసాయన, భార్య కొత్త ఇంట్లో దిగిన తొమ్మిదో రోజు, మిట్టమధ్యాహ్నం. కూర చల్లారిందట! ఐసాయన కంచం ఎత్తి భార్య మొహాన కొట్టాడు. పెదవి పగిలింది. జుట్టు పట్టి పడగ్గదిలోకి ఈడ్చుకెళ్ళి, తలుపు గడియ పెట్టి, బెల్టు తీశాడు. పాపం, మూసిన గదుల్లోనే బతికినవాడికి గొంతు తగ్గించడం ఎప్పుడూ అలవాటు కాలేదు. బూతులూ, బెల్టు దెబ్బలూ, ఆవిడ కేకలూ గాలితోపాటు వీధిలో పడ్డాయి.

పక్క కొట్లోని టైలరు కత్తెర వదిలేసి పరుగెత్తాడు. ఎదురింటి టీచరమ్మ పోలీసులకు ఫోను చేస్తూనే వచ్చింది. అడ్డుపడడానికి గేటు లేదు. పెరట్లో పైపులు బిగిస్తున్న మేస్త్రీ పెద్ద సుత్తితో పడగ్గది తలుపు రెండు దెబ్బల్లో బద్దలు కొట్టాడు. టైలరు బెల్టు లాక్కున్నాడు. ఐసాయనను కాళ్ళు పట్టి వసారాలోకి ఈడ్చుకొచ్చి, వీధి వీధంతా కలిసి కుమ్మేశారు. మేస్త్రీ నుదుటి కుట్లు తడుముకుని మరీ నాలుగు ఎక్కువే వేశాడు. పోలీసులు వచ్చి విడిపించేసరికి ఆయనకు ముందు పళ్ళు రెండు లేవు.

మేస్త్రీ వెనకే పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన ఇంజనీరమ్మ ఐసాయన భార్య పెదవికి గుడ్డ అదిమి పట్టుకుని కూర్చుంది.

"ఎవరికీ వినపడదనే అరిచానమ్మా," అంది ఆవిడ. "పదహారేళ్ళుగా అలాగే అరుస్తున్నాను."

"ఇవాళ వినపడింది కదమ్మా," అంది ఇంజనీరమ్మ. ఇద్దరూ ఏడ్చేశారు.

ఆవిణ్ణి టీచరమ్మతో ఆసుపత్రికి పంపాక మేస్త్రీ దగ్గరికొచ్చాడు. "ఇలాంటి ఇల్లు కట్టాలని మీకెలా తట్టిందమ్మా?"

ఇంజనీరమ్మ చెయ్యి చాచింది. "ఆ పెద్ద సుత్తి ఇటివ్వు మేస్త్రీ. రేపు తెచ్చిస్తా."

"సుత్తి మీకెందుకమ్మా?"

"ఇంట్లో చిన్న పనుంది."

ఇంటికెళ్ళి, పన్నెండేళ్ళ కిందట మొగుడు మేకులు దిగ్గొట్టి మూసేసిన పడగ్గది కిటికీని ముందు ఫెళ్ళుమని పగలగొట్టి, అప్పుడు కమిలిన చేతుల మీంచి చొక్కా మోచేతుల దాకా మడిచి, మంచం మీంచి లేచి బెల్టు అందుకుంటున్న అతని వైపు తిరిగింది ఇంజనీరమ్మ.